మోదుగు పువ్వుకు షేడు కార్డు

గద్వాల నుంచి నాగర్‌కర్నూలు వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. పొద్దున బయలుదేరినవాళ్లెవరైనా మధ్యాహ్నం అన్నం వేళకు చేరుకుంటారు. మేం మాత్రం మధ్యలో ఒక రాత్రి పడుకుని మరీ చేరాం. బడిలో నేను పిల్లలకు చెప్పేది లెక్కలే. కాలమూ దూరమూ పాఠం చెప్పేటప్పుడు ఈ ప్రయాణాన్ని ఉదాహరణగా ఇవ్వకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను.

గద్వాల: పంచాయితీ

మాది మగ్గం ఇల్లు. మా ఆయన నర్సింహులు గద్వాల చీరలు నేస్తాడు. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ పట్టుకు రంగు అద్దేది మా అత్తమ్మ సాయమ్మ. డెబ్భై దాటింది. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద రాగి గంగాళం పెట్టి, పట్టు కట్టల్ని కర్రకు వేలాడదీసి, మరిగే రంగులో నలభై ఏళ్లుగా తిప్పుతూనే ఉంది. పోయిన వానాకాలం ఆ గంగాళం ఒరిగి చెంబెడు నీళ్లు ఆమె కాలి మీద పడ్డాయి. ఇరవై రోజులు మంచం దిగలేదు. ఆ ఇరవై రోజులూ మా ఆయన సరిగ్గా అన్నం తినలేదు.

అప్పుడే ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇక ఇంట్లో రంగు వద్దు, అద్దిన పట్టే బయటినుంచి తెప్పిద్దాం అన్నాడు. చలికాలంలో రంగు పట్టు అమ్మే వ్యాపారి ఒకాయన షేడు కార్డు ఇచ్చి వెళ్లాడు. కార్డంటే పెళ్లి శుభలేఖంత ఉంటుందనుకునేరు. అది అట్టల పుస్తకం. పేజీ నిండా రంగు పోగుల కుచ్చులు, ఒక్కో కుచ్చు కింద ఒక నంబరు. మొత్తం నూటా ఇరవై.

అత్తమ్మకు ఆ నంబర్లంటే ఒళ్లుమంట. ఆమె దగ్గర రంగులకు పేర్లుంటాయి. నెమలికంఠం, ఉల్లిపొర, బచ్చలిపండు, చిలకపచ్చ, మామిడి పిందె.

"ఉల్లిపొర నీ అట్టల ఏడున్నదిరా?" అని అడిగేది.

"పద్నాలుగు నంబరమ్మా."

"పద్నాలుగు అంటే ఏం రంగురా? పద్నాలుగు అంటే పద్నాలుగే గదా!"

ఈ పంచాయితీ మూడు నెలలు నడిచింది. మధ్యలో నలిగింది నేను. ఇద్దరిలో ఎవరికి వంత పాడినా రెండోవాళ్లు కూరలో ఉప్పు లేదనేవారు. చివరికి ఒకరోజు అత్తమ్మ పంతానికి వచ్చింది.

"మోదుగుపువ్వు రంగు నీ అట్టల ఉంటె, ఉగాది సంది గంగాళం బోర్లేస్త. మళ్ల ముట్ట. లేకుంటె నువ్వు గా అట్టను పొయ్యిల పెట్టాలె. సరేనా?"

"సరే," అన్నాడు మా ఆయన.

ఆమె మోదుగునే ఎందుకు ఎంచుకుందో మా అందరికీ తెలుసు. సాయమ్మ మోదుగంచు కావాలని అడిగి కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ రంగు తన చేతిలో తప్ప ఇంకెక్కడా పుట్టదని ఆమె ధీమా. కార్డులో నారింజకూ ఎరుపుకూ మధ్య పది పన్నెండు రంగులున్నాయి, ఏదో ఒకటి కుదరకపోతుందా అని ఈయన ధీమా. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. తీర్పు చెప్పాల్సిన పువ్వు ఇంట్లో లేదు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న మా నడిగడ్డలో చేలూ బండరాళ్లే ఎక్కువ. మోదుగు చెట్టు ఎక్కడుందో చెప్పమంటే ఎవరూ చెప్పలేకపోయారు.

అప్పుడు మా అమ్మాయి మౌనిక ఫోను పట్టుకుని వచ్చింది. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. నాగర్‌కర్నూలు దగ్గర వసంతకాలం పూల పండుగ పెడుతున్నారట. ఇంటిల్లిపాదీ పోదాం, పంచాయితీ తేలిపోతుంది, తనకు ఫొటోలూ దొరుకుతాయి అంది.

అత్తమ్మ నొసలు చిట్లించింది. "పూల పండుగ దసరకు గదనే? ఫాల్గుణంల బతుకమ్మ ఏంది?"

"బతుకమ్మ కాదు నానమ్మా. ఊకె పూలు చూసొస్తం."

"కొయ్యకుంట, పేర్వకుంట, ఊకె చూసుడా? గదేం పండుగ!"

అయినా ఎందుకైనా మంచిదని ఇత్తడి తాంబాళం ఒకటి సంచిలో పెట్టుకుంది. పూలు దొరికితే పేర్చడానికి. ఆ తాంబాళం రెండు రోజులు కారు డిక్కీలో ప్రతి మలుపుకూ గంటలా మోగుతూనే ఉంది.

నాకు పదో తరగతి పరీక్షల హడావిడి మొదలు కాకముందే వెళ్లి రావాలి కాబట్టి రెండో శనివారం, ఆదివారం ఖాయం చేశాం. మౌనిక తెల్లకాగితం మీద ప్రణాళిక రాసి ఫ్రిజ్‌కు అంటించింది. ఆరింటికి బయలుదేరాలి. ఎనిమిదింటికి వనపర్తి. పదింటికి పూలు. అది చదివి మా కారు డ్రైవరు ఖాజా భాయి నవ్వాడు. మా వీధి చివరే ఇల్లు. కారు అతనిదే. "బిడ్డా, గీ కాగితం మంచిగ రాసినవ్. కని మీ నాయిన్ను నేను ఇరవై ఏండ్ల సంది చూస్తున్న," అన్నాడు.

నిజంగానే పదిన్నరకు కదిలాం. ఆరింటికి మా ఆయన మగ్గం మీద ఒక్క జానెడు మిగిలిందని కూర్చున్నాడు. ఎనిమిదింటికి బొరుగుల ఉగ్గాని, బజ్జీ తినకుండా ఎట్లా అన్నాడు. తొమ్మిదింటికి పక్కింటావిడ తుమ్మింది. అత్తమ్మ మళ్లీ ఇంట్లోకి వెళ్లి, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని వచ్చింది. అంతలో ఆవిడ మళ్లీ తుమ్మింది. మిరపకాయలు దంచుతోందని చెప్పినా అత్తమ్మ వినలేదు.

బీచుపల్లి: అంచు పట్టుకున్న కథ

కృష్ణ దాటే చోట ఆంజనేయస్వామికి దండం పెట్టుకోకుండా మా ఇంట్లో ఎవరూ ముందుకు కదలరు. దర్శనం బాగానే అయింది. అత్తమ్మ టెంకాయ కొట్టించింది. ఎవరికోసం మొక్కిందో చెప్పలేదు గానీ, మా ఆయన కూడా విడిగా ఇంకో కాయ కొట్టించాడు. దేవుడికి ఆ రోజు రెండు వైపులవాళ్లూ ముట్టజెప్పారన్నమాట.

చిక్కు మెట్ల దగ్గర వచ్చింది. మా ఆయనకు ఒక జబ్బు ఉంది. ఎదురుగా గద్వాల చీర కనిపిస్తే చాలు, అంచు తిరగేసి వెనకవైపు చూడాలి. ఇంట్లో నాదీ, చుట్టాలదీ అయితే ఎవరూ ఏమీ అనుకోరు. ఇక్కడ మెట్ల మీద కూర్చుని చెప్పులు వేసుకుంటున్న ఒక పరాయి ఆవిడ కుచ్చిళ్ల దగ్గర వంగి, అంచు రెండు వేళ్లతో పట్టుకుని తిరగేశాడు.

"ఏయ్! ఏం చేస్తున్నవ్?" అని ఆవిడ ఎగిరి నిలబడింది.

ఈయన అంచు వదల్లేదు. "జర ఆగమ్మా. ఇది గద్వాల చీరేనా?"

ఆవిడ మరిది అనుకుంటాను, చొక్కా చేతులు మడుస్తూ నాలుగు మెట్లు ఒక్క దూకులో దిగాడు. నేను మధ్యలో అడ్డంపడ్డాను.

"అన్నా, తప్పుగ అనుకోకు. నేసేటోడు. చీరె కనవడ్డదంటే మనిషి కనవడడు ఆయనకు."

నమ్మినట్టు లేదు గానీ ఆగాడు. ఆవిడది రాజోలి అట. "గద్వాల్లనే కొన్న. ఎనిమిది వేలు పెట్టిన. అయితే ఏంది?" అంది.

ఇక్కడైనా ఈయన నోరు మూసుకోవాలి గదా. మూసుకోలేదు. "గద్వాల్ల కొన్నదే కావొచ్చు. మగ్గం మీద నేసింది కాదమ్మా. నూలుకు పట్టు కలిసే కాడ మేం పోగుకు పోగు చేత్తో మెలిపెడ్తం. దీంట్ల మెలే లేదు, చూడు. మిషన్ల చేసింది."

ఆవిడ ముఖం చూడాలి. పరాయి మగాడు అంచు పట్టుకున్నందుకు వచ్చిన కోపం ఆ క్షణమే ఎగిరిపోయింది. దాని స్థానంలో ఇంకా పెద్దది వచ్చి కూర్చుంది. "ఏందిరా, మీ అన్న నిజం గద్వాల అని చెప్పలే? ఏ దుకాణంల కొన్నడు? ఫోన్ చెయ్! ఇప్పుడే చెయ్!" అని మరిది మీద పడింది. పాపం, అతను మడిచిన చేతులు విప్పుకుని ఫోను తీశాడు. అవతల అన్న ఎత్తేలోగా మేం కారులో పడ్డాం.

కారులో కూర్చుని అంతా చూసిన అత్తమ్మకు తెలుసుకోవాల్సింది ఒక్కటే. "గామె చీరె ఏ నంబరురా?"

"అరవై మూడు," అన్నాడు కార్డు తిప్పి.

"కాదు. బచ్చలిపండు," అంది అత్తమ్మ.

పెబ్బేరులో ఆ రోజు సంత. గొర్రెల మందల మధ్య కారు గంటసేపు ఇరుక్కుంది. ఎవరి గొర్రెలు వాళ్లు గుర్తుపట్టడానికి వాటి వీపుల మీద రంగు పూశారు. ఖాజా భాయికి అప్పటికి ఈ ఆట అలవాటైపోయింది. "నర్సన్నా, గీ పొట్టేలు ఏ నంబర్?" అని అద్దంలోంచి అడిగాడు. మా ఆయన కార్డు తీసి నిజంగానే వెతికాడు. నేను మూడు గ్లాసుల చాయ్ తాగాను, గ్లాసు పది రూపాయలు. మా గద్వాల చాయ్ కంటే పాలు ఎక్కువ, చక్కెర ఇంకా ఎక్కువ.

వనపర్తి: ఆడబిడ్డ ఇల్లు

వనపర్తిలో మా ఆడబిడ్డ సుజాత ఉంటుంది. ఊళ్లోంచి పోతూ ఆమె గడప తొక్కకపోతే ఏడాది మాటలుండవు. గడప తొక్కితే తినాలి. తింటే పడుకోవాలి. టోల్ గేటు దగ్గరైనా డబ్బు కట్టి పోవచ్చు, ఆడబిడ్డ ఇంటి దగ్గర ఆ వెసులుబాటు లేదు. మౌనిక తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచేసింది.

నాటుకోడి కూర, జొన్న రొట్టెలు, పచ్చిపులుసు. రొట్టెల్లోకి మేం పల్లికారం నంజుకుంటాం. సుజాత అత్తగారింట్లో అవిసెల పొడి నూరుతారు. ఇరవై ఏళ్లయినా సుజాతకు ఆ పొడి మీద మనసు కుదరలేదు. అత్తగారు వినకుండా నా చెవిలో చెప్పింది. నాకైతే ఆ పొడి బాగానే నచ్చింది, కానీ ఆ మాట చెప్తే మళ్లీ ఏడాది మాటలుండవు. గద్వాల నుంచి తెచ్చిన రెండు కిలోల బొరుగులు ఇస్తే మాత్రం కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేసింది. పొద్దున్నే ఉగ్గాని చేసుకుని ఎన్నాళ్లయిందో అంది.

సాయంత్రం వాకిట్లో కూర్చుని సుజాత తల్లి పాదం ఒళ్లో పెట్టుకుంది. కాలిన చోట చర్మం ఇంకా ముడతలుగా ఉంది.

"అమ్మా, అన్న చెప్పేది నీ కాలు చూసే గదా. ఏం తప్పున్నది దాంట్ల?" అంది.

"కాలు కాలింది, మానింది," అంది అత్తమ్మ. "మీ అన్న మంచికే చెప్తుండు. నాకు తెల్వదా? కని గంగాళం బోర్లేసినంక, తెల్లారి లేచి నేనేం చెయ్యాలె, గది చెప్పు. మగ్గం మీద వానికి పని ఉంటది. కోడలికి బడి ఉంటది. పోరికి కాలేజి. నేను ఏ ముల్లెకు కాపలా ఉండాలె?"

మూడు నెలలుగా నేను దీన్ని తల్లీకొడుకుల పంతమనే అనుకుంటున్నాను. ఇంట్లో ఆమెకున్న చోటు ఆ గంగాళం పక్కనే అని నాకు తట్టనే లేదు. సిగ్గేసింది. ఆ క్షణం నుంచి కార్డులో మోదుగు దొరకకూడదని మనసులో అనుకోవడం మొదలుపెట్టాను. మళ్లీ ఆ పాదం చూసి, దొరకాలనీ అనుకున్నాను.

నాగర్‌కర్నూలు: పువ్వులేని పూల పండుగ

ఆదివారం పది దాటాక నాగర్‌కర్నూలు చేరాం. దారిపొడుగునా తల్లీకొడుకులు కార్డులో నలభై, యాభై నంబర్ల మధ్య పేజీ మీద వాదించుకున్నారు. నేను, మౌనిక ఇద్దరి మధ్యా తలలు దూర్చి చూస్తూనే ఉన్నాం. కిటికీలోంచి ఒక్కరమూ బయటికి చూడలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

పూల పండుగ ఒక పొలంలో పెట్టారు. చుట్టూ పచ్చటి గుడ్డల కంచె, మైకులో పాటలు. టికెట్టు అరవై రూపాయలు.

"పువ్వు చూడనీకి పైసలా?" అంది అత్తమ్మ. "నేను చూసేది ఒక్కటే పువ్వు. దానికెంత?"

టోపీ పెట్టుకున్న గేటాయన అలాంటి లెక్క తన దగ్గర లేదన్నాడు.

లోపల గులాబీలతో చేసిన పెద్ద గుండె ఆకారం, దాని ముందు ఫొటోలకు వరుస. బంతి, చామంతి, కుండీల్లో పేరు తెలియని ఊదా పూలు, పొద్దుతిరుగుడు పూల మధ్య ఒక ఉయ్యాల. బాగుందనే చెప్పాలి. మౌనిక పది నిమిషాల్లో నలభై ఫొటోలు దిగింది. మా ఆయన వరుసలో నిల్చున్న ఆడవాళ్ల చీరలకేసి చూస్తుంటే చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాను. ఈలోపు ఈల మోగింది. అత్తమ్మ ఒక బంతిపువ్వు తెంపి, కార్డు మీద పెట్టి చూస్తోంది.

ఈల ఊదినాయన పరుగున వచ్చాడు. "పెద్దమ్మా, బోర్డు చదవలేదా? పూలు కొయ్యొద్దు, కోస్తే జరిమానా!"

"పూల పండుగల పూలు కొయ్యొద్దా?" అత్తమ్మకు నిజంగా అర్థం కాలేదు. "మరి బతుకమ్మ దేంతోని పేరుస్తరు నాయినా?"

ఆయన తల గోక్కున్నాడు. ఆయనా పాలమూరు మనిషే. చిన్నప్పటి నుంచీ ఎరిగిన పూల పండుగ ఒకటే కదా. జరిమానా సంగతి మరిచిపోయి, "గది నిజమే," అని వెళ్లిపోబోయాడు. నేను ఆపి మోదుగులు ఎక్కడున్నాయని అడిగాను.

"మోదుగా? గది అడవి పువ్వు మేడం. గుట్టల మీద ఊకెనే పూస్తది. అరవై రూపాలు పెట్టి దాన్నెవరు చూస్తరు?"

మూడు నెలల పంచాయితీ, రెండు రోజుల ప్రయాణం, నాలుగు టికెట్లు. మా ఆయన అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాడు. గేటు బయట పుచ్చకాయ ముక్కలు అమ్మే ఆవిడ మా ముఖాలు చూసి, ఏమైందని అడిగింది. చెప్పాను.

"ఏ తొవ్వల వచ్చిండ్రు?"

"వనపర్తి నుంచి. బిజినేపల్లి మీదికెళ్లి."

"మరి కండ్లు మూసుకొని వచ్చిండ్రా?" అంది ముక్కల మీద ఈగలు తోలుతూ. "గా తొవ్వ పొంటి మోదుగులే గదా. రోడ్డు మీదికి ఒంగి పూసినయి."

ఖాజా భాయి గొంతు సవరించుకున్నాడు. "నేను చూసిన. ఎర్రగ మంచిగున్నయ్. మీరందరు పుస్తకం చూస్తుండ్రి గదా, పరేషాన్ చెయ్యొద్దని ఊకున్న."

బిజినేపల్లి తొవ్వ: తీర్పు

వెనక్కి తిరిగి అరగంట కూడా పోలేదు. రోడ్డు పక్క చేను గట్టు మీద చెట్టు. ఒక్క ఆకు లేదు. కొమ్మ కొమ్మకూ పువ్వే. కింద నేల కూడా కనపడనంతగా రాలి ఉన్నాయి. ఇంత చెట్టును చూడకుండా ఎట్లా వచ్చామో నాకు ఇప్పటికీ తెలియదు. అత్తమ్మ కారు దిగి, చెప్పులు విప్పి నిలబడింది. ఎన్నేళ్లయిందమ్మా చూసి అని మా ఆయన అడిగాడు. "నువ్వు పుట్టకముందు," అంది.

అంతలో చేను ఆసామి కర్ర పట్టుకుని వచ్చాడు. అరవై ఏళ్లుంటాయి. పేరు బాలయ్య అని తర్వాత తెలిసింది. మా చేతుల్లో నంబర్ల పుస్తకం, చెట్టు దగ్గర మా గుంపు చూసి ఆయన గుండెలో రాయి పడింది.

"సారూ, రోడ్డు వెడల్పు చేస్తుండ్రా? ఎంత లోపలికి వస్తది? చెట్టు వొయినా సరే, బోరు దాక రాకుంట చూడుండ్రి సారూ!"

సర్వే కాదు, రంగు చూడడానికి వచ్చామని ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. నమ్మాక ఆయనే ముందుండి మంచి పువ్వులు ఏరి ఇచ్చాడు.

ఇక పరీక్ష మొదలైంది. మా ఆయన పువ్వును కార్డు మీద పెట్టి నలభై ఆరు అన్నాడు. నా కంటికి నలభై ఎనిమిది. మౌనిక ఫోనుతో ఫొటో తీసి, పెద్దది చేసి యాభై ఒకటి అంది. ఖాజా భాయి నలభై ఆరుకే ఓటు వేసి, మా ఆయన ముఖం చూసి వేశానని ఒప్పేసుకున్నాడు. బాలయ్య పుస్తకం తలకిందులుగా పట్టుకుని నూట రెండు అన్నాడు. అది పచ్చరంగు.

"ఎండల రంగు చూస్తరా ఎవరన్న?" అంది అత్తమ్మ. "ఇటు తేండ్రి."

గట్టు కింద ఉన్న వేపచెట్టు నీడలో కూర్చుంది. అద్దకం పనిలో అదొక పద్ధతి. ఎండలో చూస్తే రంగు తేలిపోతుందని ఎప్పుడూ నీడలోనే చూస్తుంది. బొడ్డున దోపుకున్న చిన్న సంచి తీసింది. అందులో తను అద్దిన ప్రతి రంగు పట్టుదీ ఒక పోగు, ముడేసి దాచుకున్నది. మోదుగు పోగు తీసి పువ్వు రేకు మీద పరిచింది. పక్కనే కార్డులోని కుచ్చు. నలభై ఆరు పెట్టింది, తీసింది. నలభై ఎనిమిది పెట్టింది, తీసింది. నలభై ఏడు పెట్టింది. తీయలేదు.

మా ఆయన ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. నా కంటికి నలభై ఆరూ, ఏడూ, ఎనిమిదీ, ఆమె పోగూ, పువ్వూ అన్నీ ఒక్కటే. మా నలుగురిలో ఏ ఒక్కరికీ తేడా కనిపించడం లేదు. లేదని ఆమె అంటే లేదు, అంతే. కార్డు పొయ్యిలోకి పోతుంది, గంగాళం పొయ్యి మీద ఉంటుంది.

"నలభై ఏడు," అంది అత్తమ్మ. "గిదే. పువ్వు రంగు గిదే, ఇసుమంత తేడా లేదు."

మా ఆయన ఆ కుచ్చు మీదికి వంగాడు.

"నాదే తప్పింది." అత్తమ్మ తన పోగును వేలితో తట్టి చూపించింది. "ఎరుపు జర ఎక్కువైంది. పువ్వు చూడక ఎన్నేండ్లాయె. మతికి ఉన్న రంగునే అద్దుకుంట వచ్చిన. ఎన్నేండ్ల సంది గిట్ల ఎక్కువైతున్నదో."

గెలిచిన మనిషి ముఖం ఎట్లా ఉండాలో మా ఆయనకు తెలియలేదు. కార్డు మూశాడు, తెరిచాడు, మళ్లీ మూశాడు. "అమ్మా, మా కండ్లకు ఏం తేడా తెలుస్తలేదు. నువ్వు లేదంటే అయిపోతుండె గదా. మేం నమ్ముతుంటిమి."

"నమ్ముతరని నాకు తెల్వదారా?" అంది. "నమ్మేటోళ్లకు అబద్ధం ఎట్ల చెప్పాలె?"

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. బాలయ్యకు ఏమీ అర్థం కాక, ఎవరైనా పోయారా అని మెల్లగా ఖాజా భాయిని అడిగాడు. లేదు, రంగు కలిసింది అని చెప్పాడతను. బాలయ్య ఇంకా అయోమయంలో పడి మా అందరికీ చేలోంచి పల్లికాయ తెచ్చి ఇచ్చాడు.

అత్తమ్మ మాత్రం లేచి, డిక్కీలోంచి తాంబాళం తెప్పించి, రాలిన పూలన్నీ ఏరి గుండ్రంగా పేర్చింది. కొయ్యొద్దనేవాళ్లు అక్కడ లేరు.

మళ్లీ గద్వాల

తిరుగు ప్రయాణంలో పెబ్బేరు దాకా మా ఆయన కార్డు తెరవలేదు. దారిలో ఎన్ని చీరలు కనిపించినా తల తిప్పలేదు. అప్పుడే నాకు నిజంగా భయమేసింది.

అత్తమ్మ అన్న మాట మీదే నిలబడింది. ఉగాది నాటి పొద్దున గంగాళం తోమి, పెరటి గోడకు బోర్లించింది. పచ్చడి అందరికీ తనే పంచింది. తర్వాత వాకిట్లో కూర్చుని బజారుకేసి చూస్తూ ఉండిపోయింది. మరుసటి రోజూ అట్లాగే కూర్చుంది. నేను బడికి పోతూ చూశాను, వచ్చేటప్పుడూ చూశాను.

వారం రోజులకు అద్దిన పట్టు కట్టలు వచ్చాయి. పైనున్న కట్ట మీద చీటీ, చీటీ మీద నలభై ఏడు. నేను చూసి భలే ఉందన్నాను. మౌనిక సూపర్ అంది. మా ఆయన ఆ కట్ట చేతిలో పట్టుకుని మగ్గం దాకా వెళ్లాడు. మగ్గం దగ్గర ఆగాడు. కాసేపు నిలబడి, వెనక్కి వచ్చి, వాకిట్లో తల్లి ముందు పెట్టాడు.

"జర చూడమ్మా."

"నేనెందుకురా? నంబరున్నది గదా."

"నంబరు నేను చదివిన. నువ్వు రంగు చూడు."

అత్తమ్మ లేచి కట్ట పట్టుకుని పంచ నీడలోకి పోయింది. ఒక పోగు లాగి, వేళ్ల మధ్య తిప్పి, మళ్లీ తిప్పి చూసింది.

"నలభై ఏడు కాదిది," అంది. "ఆరుకు ఏడుకు నడుమ ఆగిపోయింది."

మా ఆయన అక్కడికక్కడే వ్యాపారికి ఫోను చేశాడు. స్పీకరులో అవతలి గొంతు మాకూ వినిపిస్తోంది. చీటీ మీద నలభై ఏడే ఉంది చూసుకోండి అంటున్నాడు. చూసుకున్న, మా అమ్మ కాదన్నది, వాపస్ పంపుతున్న అన్నాడు ఈయన.

"మీ అమ్మ ఎవరండీ కాదనడానికి?"

మా ఆయన తల్లికేసి చూశాడు. "మా ఇంట్ల రంగు ఖాయం చేసేటామె," అన్నాడు. "ఆమె ఔ అంటెనే మగ్గం ఎక్కుతది. లేకుంటె ఎక్కది."

అత్తమ్మ విననట్టే ఉంది. కట్టను చీటీతో సహా పక్కకు నెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఇంకో కట్ట తే," అంది.